ముందు పోయేవాళ్ళ చెయ్యి

ఉమాదేవి కింద పడి ఏడాది దాటింది. మెడకింద విరిగిన ఎముకకు వేసిన ప్లేటు చలిగాలి తగిలితే ఇప్పటికీ సలుపుతుంది. పైవరసలో ఒకటి పెట్టుడు పన్ను. వాటి సంగతి ఆమె ఎప్పుడో వదిలేసింది. సైకిలెక్కినవాళ్ళు పడతారు, దెబ్బలు తగులుతాయి, మానుతాయి, అందులో వింతేముంది? ఆమె వదలనిది ఆ రోజు టీ అంగడి ముందు నిలబడి, గ్లాసు చేత్తో పట్టుకుని, అందరూ వింటుండగా, తన ముందు సైకిలు తొక్కిన బయ్యన్న అన్న మాట ఒక్కటే.

"నేను చెయ్యి ఊపినా. ఆయమ్మే చూడలేదు."

ఊపాడట. ఊపితే ఆమె పడేదే కాదు. ఆమె కళ్ళు ఆ చేతుల మీదే ఉన్నాయి. రెండూ హ్యాండిల్ మీదే ఉన్నాయి, వేళ్ళకున్న ఉంగరాలతో సహా కనిపించాయి.

ఇంతకీ ఈ చెయ్యి గొడవేమిటో చెప్పాలి. అనంతపురంలో ఆదివారం తెల్లారకముందే టవర్ క్లాక్ దగ్గర హెల్మెట్లు పెట్టుకుని, ఒంటికి అతుక్కుపోయే చొక్కాలు తొడుక్కుని ఓ ఇరవై మంది నిలబడి ఉంటారు. పాలవ్యాన్ల వాళ్ళు వీళ్ళను చూసి పనీపాటా లేనోళ్ళని నవ్వుకుంటూ పోతారు. నవ్వుకోనీ. వీళ్ళు మాత్రం కళ్యాణదుర్గం వైపు, కొండల మీదికి, ఎండ నెత్తికెక్కేలోపు వంద కిలోమీటర్లు తొక్కి వస్తారు. ఈ మెట్టనేల మీద గాలి ఎదురు తిరిగిందంటే ఒక్కడే తొక్కడం ఎవరి వల్లా కాదు. అందుకని ఒకరి వెనక ఒకరు, ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య జానెడు ఎడం ఉంచి వరసగా పోతారు. గాలంతా ముందున్నవాడు మోస్తాడు. వెనకున్నవాళ్ళకు గాలి తగలదు, కానీ రోడ్డూ కనిపించదు. కనిపించేది ముందువాడి వీపు. కాబట్టి గుంత వచ్చినా, కంకర వచ్చినా ముందువాడు ఎడమచెయ్యి కిందికి దించి ఊపాలి. వాణ్ణి చూసి రెండోవాడు, రెండోవాణ్ణి చూసి మూడోవాడు అలాగే ఊపుకుంటూ రావాలి. ఈ క్లబ్బులో ఇంతకు మించిన నియమం లేదు.

పోయినేడు నక్కలదొన కనుమ ఎక్కి అవతలివైపు దిగుతుంటే ముందు బయ్యన్న, వెనక ఉమాదేవి. మలుపు తిరగ్గానే రోడ్డు మీద ఉలవపంట పరిచి ఉంది. ఇక్కడి పల్లెల్లో అది మామూలే. కళ్ళాలు చేసుకునే ఓపిక ఎవరికీ లేదు, ఎండిన ఉలవచెట్లు తెచ్చి తారురోడ్డు మీద పరిచేస్తే వచ్చేపోయే బస్సులూ లారీలూ తొక్కి గింజ రాలుస్తాయి. లారీకి అదో లెక్క కాదు. వేలెడు వెడల్పు టైరు మీద కొండ దిగేవాళ్ళకు మాత్రం ఆ గింజల మీద బ్రేకు పట్టుకోవడమంటే నూనె ఒలికిన బండల మీద పరిగెత్తడమే. బయ్యన్న అది చూశాడు. చూసి, అంచున వదిలిన సన్నటి దోవలోకి సైకిలు తిప్పుకుని తను దాటిపోయాడు. చెయ్యి మాత్రం లేవలేదు. ముందు వారమే ఈమె ఎక్కుడులో వాణ్ణి దాటేసి పైకి పోయింది మరి. ఆ కడుపుమంట అలా తీర్చుకున్నాడు.

బయ్యన్న రోడ్ల కాంట్రాక్టరు. భూములున్న ఇల్లు, మాట పెద్దది. క్లబ్బు చొక్కాలు వాడు కుట్టించినవే, వెనక వచ్చే జీపు వాడిదే. వాడి చొక్కాలు ఒంటిమీద వేసుకుని వాడిది అబద్ధమని ఎవరంటారు? క్లబ్బు పెట్టిన లక్ష్మీపతి సార్, రిటైరైన లెక్చరరు, మంచి మనిషే, ఆయన కూడా ఆసుపత్రికి వచ్చి పళ్ళు తెచ్చిచ్చి, "ఉమా, ఇంగ కొన్నాళ్ళు నువ్వు ఎనకాల, జీపు ముందర రామ్మా" అని మెత్తగా చెప్పి పోయాడు.

వెనకాల! హైస్కూల్లో డ్రిల్లు మేడమ్ ఆమె. ఎన్నేళ్ళుగానో విజిలు వేసి ఆడపిల్లలకు చూసి పరిగెత్తండని చెబుతున్న మనిషిని పట్టుకుని, చూడకుండా వచ్చి పడింది అన్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. వాదిస్తే ఆడమనిషి ఏడుస్తోందంటారు. మనసులో మాత్రం ఒట్టు పెట్టుకుంది. అదే కనుమలో, అదే మలుపులో, అవే ఉలవల మీద బయ్యన్న బోర్లా పడాలి. పడి లేచి, "నువ్వు చెయ్యి ఊపలేదు" అనాలి. అప్పుడు తను, "నేను ఊపినా, నువ్వే చూడలేదు" అని అందరిముందూ వాడి మొహాన కొట్టాలి.

దానికి దోవ క్లబ్బే చూపించింది. కనుమ ఎవరు ముందు ఎక్కితే దిగేటప్పుడు వాళ్ళే వరసకు ముందుండాలి, ఎక్కిన క్రమంలోనే మిగతావాళ్ళు రావాలి. అంటే ఆమె మొదట ఎక్కాలి, బయ్యన్న రెండోవాడు కావాలి. రెండోవాడు కాకుండా ఎట్లా పోతాడు, వాడికా పొగరుంది. ఇక ఆమె ఎక్కడమే మిగిలింది. ఎముక అతుక్కున్న మర్నాటి నుంచే బడికి పోకముందు ఊరిబయటి గుట్టరోడ్డు ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. కాళ్ళు మంచం మీద కూడా వణికేవి. "యాల ఈ పంతం? ఇంకో ఎముక ఇరగ్గొట్టుకుంటావా?" అన్నాడు మొగుడు.

"ఈసారి ఇరిగేది నాది కాదులే" అంది.

రెండు రోజుల ముందు స్కూటర్ మీద నక్కలదొన దాకా పోయి చూసి వచ్చింది కూడా. దిగుడులో మూడో మలుపు దాటాక సుంకమ్మ అనే రైతు ఉలవచెట్లు రోడ్డుపక్కన కుప్ప వేసుకుని కూర్చుంది.

"యప్పుడు పరుస్తారు పెద్దమ్మా?"

"ఆదివారం పొద్దున్నే తల్లీ. ఆ పొద్దు బండ్లు బాగ తిరుగుతాయి. యాల, నీకేం పని?"

"ఊరికే అడిగినాలే" అంది ఉమాదేవి. ఆదివారం సైకిళ్ళు దిగుతాయి, ఆ పూట పరవొద్దు పెద్దమ్మా అని ఒక్క మాట చెబితే సుంకమ్మ వినేదే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి స్కూటర్ తిప్పుకుంది.

ఆదివారం వచ్చింది. పైరు తీసేసిన వేరుశనగ చేలు ఎర్రగా, బోసిగా పడి ఉన్నాయి. దూరాన కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. కనుమ మొదలయ్యేదాకా ఉమాదేవి చెప్పినట్టే తోకలో, జీపు ముందరే వచ్చింది. పక్కన నందిని ఉంది. నందిని బ్యాంకులో పని చేస్తుంది, ఆరేడు నెలల కిందట బదిలీ మీద వచ్చి క్లబ్బులో చేరింది, సైకిలు తొక్కడం తప్ప వరసలో రావడం తెలియని పిల్ల. గేర్లు ఎప్పుడు మార్చాలో, నీళ్ళు ఎప్పుడు తాగాలో అన్నీ ఉమాదేవే నేర్పింది. మొదట్లో భయపడి మాటిమాటికీ రోడ్డు వైపు తొంగిచూసేది. "రోడ్డు చూడొద్దు, ముందరోళ్ళ చెయ్యి చూడు. నమ్మలేకపోతే వరసలోకి రావొద్దు" అని గదమాయించి మరీ అలవాటు చేసింది. బయ్యన్న సంగతి విన్నప్పుడు, "ఆయన ఊపలేదని నువ్వంటే ఊపనట్టే అక్కా" అన్న ఒకే ఒక్క మనిషి ఆ పిల్ల.

ఎక్కుడు మొదలవగానే ఉమాదేవి వరసలోంచి పక్కకు వచ్చింది. ఒక్కొక్కరినీ దాటుకుంటూ పోయింది. లక్ష్మీపతి సార్, "మెల్లగమ్మా" అన్నాడు. మెల్లగానా? ఏడాదంతా మెల్లగానే కదా ఉడికింది. రోడ్డు గోడలా లేచింది. చెమట కళ్ళలోకి దిగింది. ముందర బయ్యన్న వీపు, దాని మీద వాడి కంపెనీ పేరు అచ్చువేసిన చొక్కా. ఆ అక్షరాలనే కళ్ళతో నమిలేస్తూ తొక్కింది.

పక్కకు వచ్చేసరికి వాడు తిరిగి చూశాడు. "ఏమక్కా, జీపు ఎనకపడిపోయిందే."

"నీ జీపే కదప్పా, వస్తాదిలే."

"ఎముక బాగుందా? మల్ల యాడన్నా పడేవు. చూసుకోని తొక్కు."

చూసుకోని! ఆ మాటతో ఆమెకు కాళ్ళ నొప్పి పోయింది. ఇంకో గేరు వేసి, సీటు మీంచి లేచి, బరువంతా పెడళ్ళ మీద వేసి తొక్కింది. వాడూ లేచాడు. ఇద్దరూ ఒకరి ఊపిరి ఒకరికి వినబడేంత దగ్గరగా ఒక మలుపు, ఇంకో మలుపు ఎక్కారు. చివరి ఎత్తులో వాడి ముందు చక్రం అటూ ఇటూ ఊగింది. అది చూసి ఆమెకు నవ్వొచ్చింది. గాలిమర కింద ఉన్న రాయి దాకా పోయి, కాలు కింద పెట్టి వెనక్కి చూసింది. రెండోవాడు బయ్యన్న. అంతా అనుకున్నట్టే జరిగింది.

అనుకోనిది ఒక్కటే. మూడోది నందిని.

ఎప్పుడూ చివరన వచ్చే పిల్ల, మొహం ఎర్రగా కందిపోయి, నోరు తెరిచి నవ్వుకుంటూ పైకి వచ్చింది. "అక్కా, నీ ఎనకనే వచ్చేసినా" అంది. ఉమాదేవికి ఒక్క క్షణం కడుపు నిండింది, తను తయారు చేసిన పిల్ల కదా. మరుక్షణం వరస గుర్తొచ్చింది. దిగేటప్పుడు తను, బయ్యన్న, ఆ తర్వాత నందిని.

"నువ్వు దిగేటప్పుడు బాగ ఎడంగా రా" అంది.

"యాల అక్కా? ముందర నువ్వుంటే నాకేం భయం."

ఇంకొక్క మాట చెప్పాలంటే మొత్తం చెప్పాలి. చెబితే ఏడాది కష్టం మట్టిపాలు. ఆ పిల్ల దిగుడులో నిదానమే, దూరంగానే ఉంటుంది, బయ్యన్న పడటం చూసి ఆగుతుంది అని తనకు తనే సర్దిచెప్పుకుంది. పగ పట్టినవాళ్ళకు సర్దిచెప్పుకోవడం బాగా వస్తుంది. అందరూ వచ్చి చేరాక వరస కట్టారు. బయ్యన్న ఆమె వెనక చేరి, "చెయ్యి బాగ ఊపక్కా, మర్సిపోయేవు" అన్నాడు. నలుగురు నవ్వారు.

మొదటి మలుపులో గుంత ఉంది. చెయ్యి దించి ఊపింది, డ్రిల్లులో పిల్లలకు చూపించినంత శుభ్రంగా. రెండో మలుపులో కంకర. అక్కడా ఊపింది. నమ్మించాలి కదా. సైకిళ్ళు జోరందుకున్నాయి, చెవుల్లో గాలి హోరు. మూడో మలుపు తిరిగింది.

ఉలవపంట రోడ్డు నిండా పరిచి ఉంది. సుంకమ్మ మాట తప్పలేదు.

ఎడమచెయ్యి దానంతటదే హ్యాండిల్ మీంచి లేవబోయింది. అన్నేళ్ళ అలవాటు. ఆమె దాన్ని పళ్ళు బిగించి హ్యాండిలుకే నొక్కిపెట్టింది. ఊపలేదు. అంచున ఉన్న సన్నటి దోవలోకి చక్రం తిప్పుకుని దాటిపోయింది. వెంటనే వెనక నుంచి ఇనుము రోడ్డుకు రాసుకున్న చప్పుడు, మనిషి పడ్డ చప్పుడు వినిపించాయి.

పడ్డాడు. బెల్లంముక్క నోట్లో వేసుకున్నట్టయింది ఆమెకు. వెంటనే ఆగలేదు, ఆ తీపి ఇంకాస్త చప్పరించాలనిపించింది. చెప్పాల్సిన మాట గొంతులో సిద్ధంగా ఉంది. బ్రేకు మెల్లగా పట్టింది.

పక్కనే ఇంకో చక్రం గిరగిరమంటూ వచ్చింది. తలతిప్పి చూస్తే బయ్యన్న. చొక్కా నలగలేదు.

"పోయినేడు నేను పోయిన దోవలోనే పోతివే అక్కా" అన్నాడు. "నువ్వు మర్సిపోవని నాకు తెల్సు. అందుకే నీ చెయ్యి చూడలేదు, నీ చక్రం చూసుకుంటా వచ్చినా."

"మరి పడింది యెవరు?" అంది ఉమాదేవి. అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది.

సైకిలు అక్కడే పడేసి పైకి పరిగెత్తింది. నందిని ఉలవచెట్ల మధ్య ఒక పక్కకు పడి ఉంది. కుడిచెయ్యి మోచేతి దగ్గర మనిషి చెయ్యి వంగకూడని వైపుకు వంగి ఉంది. నుదుటి నెత్తుటికి ఉలవపొట్టు అంటుకుంది. సుంకమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని, "అయ్యో తల్లీ, పనికిమాలిన ఉలవలు పరిస్తిని" అని తనను తనే తిట్టుకుంటోంది. వెనకవాళ్ళు దూరంగా ఉన్నారు కాబట్టి ఆగగలిగారు. జీపు కూడా వచ్చి నిలిచింది.

ఎవరు పడినా అక్కడికక్కడే అందరి ముందూ ఒక ప్రశ్న అడగడం క్లబ్బు పద్ధతి. లక్ష్మీపతి సార్ నందిని తల కింద తన సంచి పెట్టి, లేచి నిలబడి అడిగాడు. "ముందరోళ్ళు చెయ్యి ఊపినారా, లేదా?"

"ఊపింది సార్" అన్నాడు బయ్యన్న, ఆమెకంటే ముందే. "ఉమక్క బాగ ఊపింది. అక్కను చూసి నేనూ ఊపినా. నందినమ్మే చూడలేదు."

చెప్పి, ఉమాదేవి వైపు చూసి కన్నుగీటాడు. రెండోవాడు వెనక్కి చెయ్యి ఊపకపోవడం కూడా తప్పే మరి. నీది నేను కప్పుతా, నాది నువ్వు కప్పు అని ఆ చూపు. ఆమె ఏడాదిగా పగ పట్టిన శత్రువు ఇప్పుడు ఆమెను వెనకేసుకొచ్చి, చొక్కా ఇచ్చినంత తేలిగ్గా ఒక అబద్ధం ఇచ్చాడు.

నందిని కళ్ళు తెరిచింది. నొప్పికి మాట ముక్కలుముక్కలుగా వచ్చింది. "అవును సార్. నాదే తప్పు. అక్క ఊపకుండా యాల ఉంటాది? నేనే చూసుకోలేదేమో."

ఉమాదేవి చేయాల్సింది నోరు మూసుకోవడం ఒక్కటే. మూసుకుంటే అందరూ నమ్ముతారు, ఆమె మళ్ళీ వరసలో ముందుంటుంది, ఆ పిల్ల చేతికి ప్లేటు వేయించుకుని జీపు ముందర తొక్కుతుంది. ఏడాదంతా తనను తిననివ్వక, పడుకోనివ్వక చేసిన ఆ మాటను ఇప్పుడు వేరే పిల్ల తన మీద తనే వేసుకుంటోంది. ఉమాదేవికి ఒళ్ళు మండింది. బయ్యన్న మీద ఉన్న మంట చాలదన్నట్టు ఇప్పుడు తన మీద కూడా మండింది. పోతే ఇద్దరం పోదాం పద అనుకుని హెల్మెట్ తీసింది.

"నేను ఊపలేదు సార్."

"ఏం మాట్లాడతాండావు అక్కా, ఊపితివి కదా" అన్నాడు బయ్యన్న.

"ఊపలేదు. కావాలనే ఊపలేదు. ఈడ ఉలవలు పరుస్తారని నాకు ముందే తెల్సు, మొన్న వచ్చి ఈ పెద్దమ్మను అడిగి పోయినా. నా ఎనక ఈయప్ప పడాలని వచ్చినా. ఈయప్పా ఊపలేదు. పోయినేడు నేను పడిననాడూ ఊపలేదు, ఇప్పుడే కింద ఆ దోవ సంగతి తనే నాతో అన్నాడు. ఈ పిల్లది తప్పేం లేదు. మా ఇద్దరిదే."

సుంకమ్మ అప్పుడు ఆమె మొహం తేరిపార చూసింది. "అవును, ఈయమ్మే. స్కూటర్ మీద వచ్చింది" అంది.

బయ్యన్న మీద చెప్పింది మాత్రమే అయితే పంతం అనేవాళ్ళు. తన మీద తనే చెప్పుకున్నదాన్ని ఏమంటారు? ఒక్కొక్కరి చూపూ ఆమె మీంచి బయ్యన్న మీదికి పోయింది. పోయినేడు టీ అంగట్లో తలలూపిన మొహాలే అవి. లక్ష్మీపతి సార్ బయ్యన్న ముందుకు వచ్చి నిలబడ్డాడు. "బయ్యన్నా, ఇంగ మా వరసలోకి నువ్వు రావొద్దు. నీ జీపు ఈ పొద్దు ఆస్పత్రి దాకా చాలు, రేపటి నుంచి అదీ వద్దు." తర్వాత ఆమె వైపు తిరిగాడు. "నువ్వు కూడా రావొద్దమ్మా. నిన్ను ఆ పొద్దు ఎనక్కి పంపింది నా తప్పే. అయినా రావొద్దు."

బయ్యన్న భగ్గుమన్నాడు. చొక్కాలు ఎవరివన్నాడు, జీపు ఎవరిదన్నాడు, ఒక ఆడమనిషి మాట పట్టుకుని తనంతవాణ్ణి అంటారా అన్నాడు. ఒకాయన అక్కడే నిలబడి చొక్కా విప్పి, మడిచి, జీపు ముందు సీట్లో పెట్టి, బనియన్ మీదే సైకిలెక్కాడు.

నలుగురూ నందినిని లేపి జీపు దాకా నడిపించారు. ఎక్కించేటప్పుడు ఉమాదేవి ముందుకు వచ్చి ఆసరాగా చెయ్యి అందించింది. నందిని ఆ చెయ్యి వైపు కాసేపు చూసింది. పట్టుకోలేదు.

"నేను చూస్తానే ఉంటి అక్కా" అంది మెల్లగా. "మలుపు తిరిగేటప్పుడూ నీ చెయ్యే చూస్తా ఉంటి. ఊపలేదని నాకు అప్పుడే కనపడింది. నిన్ను అనలేక నాదే తప్పన్నా."

తర్వాత రెండో చేత్తో తలుపు పట్టుకుని తనే ఎక్కింది. సార్ పక్కన కూర్చున్నాడు. జీపు కనుమ దిగిపోయింది.

బయ్యన్న ఇంకా అరుస్తూనే ఉన్నాడు. పరువు పోయిన మనిషి అరుపు అది, ఉమాదేవి ఏడాదిగా వినాలని కాచుకుని కూర్చున్న అరుపు. అది ఇప్పుడు చెవి పక్కనే ఉంది. ఆమె మాత్రం కింద మలుపుల్లో దూరమవుతున్న జీపు చప్పుడే వింటూ, ఆ చప్పుడు పూర్తిగా వినిపించకుండా పోయేదాకా ఆ రోడ్డు మీద నిలబడింది.